తాళాల గుత్తి బ్యాటరీ

మా తాండాలో టార్చిలైటును ఎవరూ టార్చిలైటు అనరు. బ్యాటరీ అంటారు. "బ్యాటరీ పట్టుకొని రా" అంటే లైటు తెమ్మని. లోపల వేసేవి సెల్లులు. బడికి పోయి సైన్సు పుస్తకం చదివాక గానీ, బ్యాటరీ అంటే అసలు లోపలిదేనని మాకు తెలియలేదు. అప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే తాండా మాటే సరైనదనిపిస్తుంది. లైటు ఎంత మంచిదైనా చీకట్లో మనిషిని నడిపించేది లోపలున్న సెల్లే కదా!

మేము ముగ్గురం. ఇద్దరు అన్నదమ్ములం, ఒక చెల్లె. వికారాబాద్ నుంచి తాండూరు పోయే రైలు ధారూరు దాటాక కిటికీలోంచి చూస్తే నల్లరేగడి చేన్లు, మధ్యమధ్య రాతి గుట్టలు, కంది పంట కనిపిస్తాయి. ఆ చేన్ల మధ్య ఎక్కడో మా తాండా. 1874లో ఈ రైలుమార్గం పడకముందు మా పెద్దల పెద్దలు ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ లదేణి నడిపేవాళ్ళు. రైలు వచ్చాక ఎడ్ల మీద మోసే పని పోయింది, తాండాలు నేల పట్టుకున్నాయి. మా బాపుకు దక్కిన నేల రెండెకరాలు. ఒక ఎకరం కంది, మిగతాది బోరు కింద వరి. పంట పనిలేని రోజుల్లో తాండూరు దగ్గరి నాపరాళ్ళ గనిలో కూలి.

మా ముగ్గురికీ చిన్నప్పుడు ఒకే ఒక్క విలువైన వస్తువు తెలుసు. అది బాపు నడుముకు వేలాడే తాళాల గుత్తి. దానికి రెండే తాళాలు, ఒకటి ఇంటిది, రెండోది బోరు దగ్గరి స్టార్టరు పెట్టెది. ఆ రెంటి మధ్య బొటనవేలంత వెండిరంగు బ్యాటరీ. తాండూరు భద్రేశ్వర స్వామి జాతరలో ఇరవై రూపాయలకు కొన్నాడు. దానికి రెండు మీటలు. ఒకటి నొక్కితే తెల్లని వెలుగు, రెండోది నొక్కితే ఎర్రని చుక్క. ఆ ఎర్ర చుక్కే మా కొంప ముంచింది.

ఆ రోజుల సంగతి ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. 2012 అది. మోటార్లకు రోజుకు ఏడు గంటల కరెంటని చెప్పేవాళ్ళు. అదీ ఒక్కసారిగా రాదు. పగలు కొంత, రాత్రి కొంత. ఒక వారం రాత్రి పదికి వస్తే, ఇంకో వారం తెల్లవారుజామున రెండింటికి. కరెంటు వచ్చినప్పుడు మోటారు వెయ్యకపోతే మడి ఎండుతుంది. అందుకే ప్రతి రైతూ అర్ధరాత్రి లేచి గట్ల మీద నడవాల్సిందే. మా ఇంటి నుంచి బోరు దాకా సుమారు కిలోమీటరు. మధ్యలో ఒక వాగు, ఒక రాళ్ళ కుప్ప, మోకాలెత్తు గడ్డి. ఆ దారంతా బాపుకు తోడు ఆ బొటనవేలంత బ్యాటరీ.

పగలు అది ఇంట్లో మేకుకు వేలాడేది. మేము బడి నుంచి వచ్చేసరికి యాడి కూలి నుంచి రాదు, బాపు గని నుంచి రాడు. ఇంక ఆ బ్యాటరీ మాదే. ఎర్ర చుక్కను గోడ మీద పరుగెత్తిస్తే పిల్లి దాని వెంట పరుగెత్తేది. పక్కింటి పిల్లలు వచ్చేవాళ్ళు. తెల్ల లైటును అరచేతికి ఆనించి నొక్కితే వేళ్ళు ఎర్రగా మెరిసేవి, ఎముకలు కనబడతాయేమోనని చూసేవాళ్ళం. చాప కింద దూరి, చీకటి చేసుకొని, "ఇది సినిమా" అనుకునేవాళ్ళం. బాపు వచ్చే అలికిడి కాగానే మళ్ళీ మేకుకు తగిలించేవాళ్ళం. ఎవరికీ ఏమీ అరగలేదు, తరగలేదు అనుకున్నాం. లైటు అరిగే వస్తువని మాకు తెలియదు. పెద్ద బ్యాటరీలో సెల్లులు అయిపోతాయని తెలుసు, అయిపోయిన వాటిని ఎండలో పెడితే ఇంకో పూట వెలుగుతాయనీ తెలుసు. ఇంత చిన్నదాంట్లో కూడా సెల్లులుంటాయన్న ఆలోచనే మాకు రాలేదు.

ఆ వానాకాలం వానలు మధ్యలో మొహం చాటేశాయి. వరి పొట్ట దశలో ఉంది. ఆ వారం కరెంటు రాత్రి వంతు. బాపు రాత్రి లేచి తాళాల గుత్తి తీసుకొని పోయాడు. మేము నిద్రలో ఉన్నాం. వాగు దాటేదాకా లైటు ఉందట. రాళ్ళ కుప్ప దగ్గరికి వచ్చేసరికి అది మిణుగురులా అయిపోయి, తర్వాత పూర్తిగా ఆరిపోయింది. బాపు వెనక్కి రాలేదు. కరెంటు పోకముందే మోటారు వెయ్యాలన్న ఆత్రం. పాదాలకు తెలిసిన దారే కదా అని నడిచాడు. గడ్డిలో రక్తపింజర మీద కాలు పడింది.

బాపు ఆ చీకట్లోనే ఇంటికి తిరిగి నడిచి వచ్చాడు. నడవకూడదని ఇప్పుడు మాకు తెలుసు. అప్పుడు ఎవరికీ తెలియదు, తెలిసినా అక్కడ మోసేవాళ్ళు ఎవరున్నారు? గడపలో కూలబడి యాడిని పిలిచిన గొంతు మాకు ఇంకా చెవుల్లో ఉంది. కాలు అప్పటికే బుడ్డలా వాచింది. తాండాలో ఒకరి మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకొని తాండూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ పాముకాటు సూదిమందు ఎక్కించి, హైదరాబాద్ ఉస్మానియాకు పంపారు. పద్దెనిమిది రోజులు. బతికాడు. కానీ కాలి మీద కండ కుళ్ళి, పుండు మానడానికి ఆరు నెలలు పట్టింది. గనిలో రాయి ఎత్తే పని ఆ తర్వాత చెయ్యలేకపోయాడు.

ఆ పద్దెనిమిది రోజుల్లో ఒకనాడు మేము ముగ్గురం ఆ తాళాల గుత్తి తీసుకొని ఇంటి వెనక కూర్చున్నాం. తెల్ల మీట నొక్కాం. ఏమీ లేదు. ఎర్ర మీట నొక్కాం. ఏమీ లేదు. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఎవరం ఎక్కువ నొక్కామో, చివరిసారి ఎవరం ఆడుకున్నామో అడుక్కోలేదు. ఆ రోజు నుంచి ఏళ్ళ తరబడి ఆ సంగతి మా ముగ్గురి మధ్య మాటగా కూడా రాలేదు.

ఇప్పుడు మాలో ఒకరం బడిలో పంతులు, ఒకరం తాండూరులో బండల పాలిష్ పని, చెల్లె నర్సు. ఈ వ్యాసం ముగ్గురం కలిసి రాస్తున్నాం. ఆ చిన్న లైటు గురించి అప్పుడు మాకు ఎవరూ చెప్పని సంగతులు ఇప్పటి తాండా పిల్లలకు చెప్పాలని, బడిలో పంతుళ్ళు ఒక పాఠంగా చెప్పుకోవాలని.

మొదట ఆ లైటు లోపల ఏముందో చూద్దాం. బాపు లైటును తర్వాత విప్పి చూశాం. మూడు బటన్ సెల్లులు ఒకదాని మీద ఒకటి. ఒక్కోటి ఒకటిన్నర వోల్టు, మూడూ కలిపితే నాలుగున్నర. పెద్ద బ్యాటరీలో వేసే లావు సెల్లుతో పోలిస్తే వీటిలో దాచిన శక్తి చాలా తక్కువ. కొంచెం పెద్దవైన ఎల్‌ఆర్44 రకంలో సుమారు 120 మిల్లీ ఆంపియర్ గంటలుంటే, మామూలు సన్న పెన్సిలు సెల్లు, అంటే ట్రిపుల్ ఏ దానిలో సుమారు 1000 ఉంటుంది. ఈ లెక్కకు అర్థం సులువు. 120 ఉన్న సెల్లు నుంచి గంటకు 10 చొప్పున వాడితే పన్నెండు గంటలు, 40 చొప్పున వాడితే మూడు గంటలు. కుండలో నీళ్ళు ఎన్నో, రంధ్రం ఎంతో, అంతే సంగతి. పిల్లి వెంట పరుగెత్తించిన ఎర్ర చుక్క కూడా అదే కుండలోంచి తాగింది.

ఇంకో రకం గుత్తి లైట్లలో రూపాయి బిళ్ళలాంటి లిథియం సెల్లు ఉంటుంది. దాని మీద సీఆర్2032 అనో, సీఆర్2016 అనో రాసి ఉంటుంది. ఆ అంకెలు ఊరికే వేసినవి కావు. 20 అంటే బిళ్ళ వెడల్పు 20 మిల్లీమీటర్లు. 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు, 16 అంటే 1.6 మిల్లీమీటర్లు. అంటే రెండు 2016లు ఒకదాని మీద ఒకటి పెడితే ఒక 2032 అంత మందం. ఒకే గూటిలో రెండూ పడతాయి. కానీ పని తీరు వేరు. ప్రతి బిళ్ళా 3 వోల్టులే. ఒకే లావు బిళ్ళ వేస్తే 3 వోల్టులు, సుమారు 220 మిల్లీ ఆంపియర్ గంటలు. రెండు సన్న బిళ్ళలు వేస్తే 6 వోల్టులు, సుమారు 90 మాత్రమే. తెల్ల ఎల్‌ఈడీ సరిగా వెలగాలంటే 3 వోల్టులకు కాస్త పైన కావాలి. అందుకే రెండు బిళ్ళల లైటు కళ్ళు చెదిరేలా వెలిగి తొందరగా చల్లబడుతుంది, ఒక్క బిళ్ళ లైటు మొదటి నుంచీ మెత్తగా వెలుగుతూ చాలాసేపు ఉంటుంది. వెలుగు ఎక్కువ కావాలా, కాలం ఎక్కువ కావాలా అన్నది కొనేవాడు తేల్చుకోవాల్సిన మాట. రెండూ ఒకే బిళ్ళ నుంచి రావు.

ఇంత చిన్న సెల్లుతో ఇంత వెలుగు రావడం కూడా మొన్నమొన్నటి సంగతే. పాత బ్యాటరీలో ఉండేది తీగ బల్బు. తీగ ఎర్రగా కాగితేనే వెలుగు, శక్తిలో ఎక్కువ భాగం వేడిగానే పోయేది. ఎర్ర ఎల్‌ఈడీలు ముందే ఉన్నా తెల్లది రావాలంటే నీలి ఎల్‌ఈడీ కావాలి. అది ఏళ్ళ తరబడి ఎవరికీ సరిగా కుదరలేదు. జపాన్‌లో షికోకు దీవిలోని అనాన్ అనే చిన్న ఊళ్ళో నిచియా అనే కంపెనీలో పనిచేసే షుజి నకమురా 1993లో బాగా వెలిగే నీలి ఎల్‌ఈడీని చేసి చూపాడు. ఆయన చదివింది టోక్యోలోని పేరున్న విశ్వవిద్యాలయంలో కాదు, తోకుషిమాలో. 1996లో అదే కంపెనీ నీలి ఎల్‌ఈడీ మీద పసుపు రంగు పొడి పూత వేసి తెల్ల వెలుగు తెచ్చింది. మీ గుత్తి లైటు ఆరి ఉన్నప్పుడు దాని కంట్లోకి చూడండి, ఆ పసుపు మచ్చ కనిపిస్తుంది. నకమురాకు, ఆయనకంటే ముందు నుంచీ ఈ పని మీదున్న అకసాకి, అమనోలకు కలిపి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. చిన్న ఊళ్ళో ఉన్నంత మాత్రాన పెద్ద పని కాదనుకోవద్దని మా బడి పిల్లలకు ఈ కథ చెబుతుంటాం.

ఇప్పుడు బజారులో కొత్త రకం వచ్చింది. ఫోను చార్జరుతోనే చార్జి అయ్యే గుత్తి లైట్లు. పసుపు పలకలాంటి వెలుగు, వెనక అయస్కాంతం, సీసా మూత తీసే కొక్కెం. పెట్టె మీద 500 ల్యూమెన్లు, 800 ల్యూమెన్లు అని రాసి ఉంటుంది. యువకులు వాటిని చూసి మురిసిపోతారు. మేమూ ఒకటి కొన్నాం. దాని లెక్క బడిలో పిల్లలతోనే కట్టించాం.

లోపలి సెల్లు 500 మిల్లీ ఆంపియర్ గంటలు, 3.7 వోల్టులు. రెండూ గుణిస్తే 1.85 వాట్ గంటలు. మంచి ఎల్‌ఈడీ ఒక వాట్‌కు సుమారు 100 ల్యూమెన్ల వెలుగిస్తుంది అనుకుందాం. ఒక కొవ్వొత్తి వెలుగు సుమారు 12 ల్యూమెన్లు, పోలికకు గుర్తుంచుకోండి. అంటే ఆ సెల్లులో మొత్తం 185 ల్యూమెన్ గంటల వెలుగుంది. నిజంగా 500 ల్యూమెన్లు ఇస్తే 22 నిమిషాల్లో ఖాళీ. అదే 20 ల్యూమెన్లు చొప్పున వాడితే తొమ్మిది గంటలు. పెట్టె మీద మాత్రం "500 ల్యూమెన్లు" పక్కనే "8 గంటలు" అని రాసి ఉంది. రెండూ వేర్వేరు మీటలకు చెందిన మాటలు. పక్కపక్కన రాసి మన కంటిని మోసం చేస్తారు. ఒక పాప లేచి, "సార్, అంటే చారు పలచన చేస్తే ఎక్కువ మందికి వస్తది, చిక్కగా చేస్తే ఇద్దరికే" అంది. అంతకంటే బాగా మేము చెప్పలేం.

ఇంకో మెలిక ఉంది. లైట్లను కొలవడానికి అమెరికాలో 2009లో ఎఫ్‌ఎల్1 అనే ప్రమాణం తెచ్చారు. దాని ప్రకారం లైటు వెలిగే కాలం అంటే, మొదటి వెలుగులో పదో వంతుకు పడిపోయేదాకా పట్టే సమయం. పూర్తిగా ఆరేదాకా కాదు గానీ, అప్పటికే పది పాళ్ళలో తొమ్మిది పోయినట్లు. ప్రమాణం పాటించి రాసిన "8 గంటలు" కూడా ఎనిమిది గంటలూ ఒకే వెలుగని కాదు. మేము జాతరలో, బస్టాండులో కొన్న వాటి మీద ఆ ప్రమాణం గుర్తే లేదు. కాబట్టి కొన్నాక మనమే కొలుచుకోవాలి.

మేము కొలిచిన పద్ధతి ఏ బడిలోనైనా చెయ్యొచ్చు. ఖర్చు లేదు. తలుపులు మూసిన గదిలో గోడకు ఒక పాఠ్యపుస్తకం పేజీ అంటించాలి. లైటును మూడడుగుల దూరంలో బల్ల మీద పెట్టి వెలిగించాలి. పిల్లవాడు ఎన్ని అడుగుల దూరం నుంచి అక్షరాలు చదవగలడో సుద్దతో నేల మీద గీత గీయాలి. అరగంటకోసారి మళ్ళీ చదివించి గీత గీయాలి. మేము మూడు లైట్లు పెట్టాం. చార్జింగ్‌ది పెద్ద మీట మీద మొదట అందరికంటే దూరం గీత గీయించింది. అరగంట గడిచేసరికే మసకబారి, తర్వాత ఒక్కసారిగా ఆరిపోయింది. మూడు బటన్ సెల్లులది మధ్యాహ్నం భోజనం గంట వరకు నీరసంగా సాగింది. ఒక్క బిళ్ళది మొదటి నుంచీ తక్కువ వెలుగే, కానీ సాయంత్రం బడి వదిలేటప్పటికీ ఇంకా వెలుగుతూనే ఉంది. నేల మీద సుద్దగీతలు ఒకదాని వెనక ఒకటి దగ్గరవుతుంటే పిల్లలు గ్రాఫు అంటే ఏమిటో మేము చెప్పకుండానే చూశారు.

ఆ రోజు ఇంకో సంగతి తెలిసింది. వెలుగు తగ్గుతున్నట్టు పక్కనే కూర్చున్న పిల్లలు కనిపెట్టలేదు. గీతలు చూశాకే నమ్మారు. కంటి గుణమే అంత. వెలుగు సగానికి తగ్గినా కంటికి సగమైనట్టు అనిపించదు, కొంచెమే తగ్గినట్టుంటుంది. అందుకే "నిన్న బాగానే వెలిగింది" అన్న మాటను నమ్ముకొని చేనుకు పోకూడదు. కొత్త సెల్లు వేసిన రోజున ఎంత దూరం కనిపించిందో గుర్తు పెట్టుకొని, వారానికోసారి అదే గోడ మీద చూసుకోవాలి.

మరి చేనుకు పోయేవాడికి ఎంత వెలుగు కావాలి? చాలామంది అనుకున్నంత అక్కర్లేదు. లైటు ఎంత దూరం పడుతుందో చెప్పేటప్పుడు ఆ ప్రమాణం నిండు పున్నమి వెన్నెలంత వెలుగును, అంటే పావు లక్స్‌ను హద్దుగా తీసుకుంటుంది. పున్నమినాడు మన పెద్దలు ఏ లైటూ లేకుండా నడిచారు కదా. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. రెండింతల దూరం చూడాలంటే నాలుగింతల వెలుగు ఖర్చు పెట్టాలి. పాము ఇరవై గజాల అవతల ఉంటే మనకు పనిలేదు. కాలు వేసే ఆ నాలుగడుగులు కనబడితే చాలు. దానికి చిన్న లైటే చాలు, కానీ అది పోయి వచ్చేదాకా ఆరకూడదు. తళుక్కున మెరిసే లైటుతో ఇంకో చిక్కు. మన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. పెద్ద వెలుగు ఒక్కసారి కంట్లో పడితే ఆ అలవాటు పోతుంది, లైటు ఆరగానే గుడ్డివాళ్ళమైపోతాం. లైటును నెత్తి మీద నుంచి కాక నడుము కిందికి దించి పట్టుకుంటే గుంటలు, రాళ్ళు, పాములు నీడలు వేసి బాగా కనిపిస్తాయి. ఇంకో చేతిలో కర్ర, కాళ్ళకు బూట్లు. ఇవి లేని లైటు సగం కాపలాయే.

ఇదంతా ఎందుకింత చెబుతున్నామంటే, పాముకాటు మన తాండాల చావు. దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో ఏడాదికి సగటున 58 వేల మంది చనిపోయారని 2020లో అచ్చయిన పరిశోధన లెక్క తేల్చింది. వాళ్ళలో అత్యధికులు పల్లెల్లోనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును పట్టించుకోని జబ్బుల జాబితాలో చేర్చింది. మన కేంద్ర ప్రభుత్వం 2024లో ఒక కార్యాచరణ పథకం తెచ్చి, 2030 నాటికి ఈ చావులను సగానికి తగ్గించాలని పెట్టుకుంది. మా చెల్లె ఆసుపత్రిలో ఎప్పుడూ చెప్పే నాలుగు మాటలు ఇక్కడ రాయమంది. కాటు పడ్డ కాలును కదపొద్దు, నడిపించొద్దు. గట్టిగా తాడు బిగించొద్దు. కోయొద్దు, నోటితో పీల్చొద్దు. పసరు కోసం పూట గడపకుండా 108కి ఫోను చేసి, పాముకాటు సూదిమందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

చెల్లె ఇంకో హెచ్చరిక కూడా చెప్పింది. ఈ బిళ్ళ సెల్లులు పసిపిల్లలకు పాముకంటే తక్కువేం కాదు. రూపాయి బిళ్ళంత లిథియం సెల్లు మింగితే గొంతు గొట్టంలో ఇరుక్కుంటుంది. అక్కడి తడిలో కరెంటు పారి రెండు గంటల్లోనే లోపలి కండ కాలిపోవడం మొదలవుతుంది. పిల్ల చొంగ కారుస్తూ, దగ్గుతూ ఉంటే జలుబనుకొని ఊరుకుంటారు. సెల్లు మింగిందన్న అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. అయిపోయిన సెల్లులో కూడా కాల్చేంత శక్తి మిగిలే ఉంటుంది. అందుకే స్క్రూ బిగించే మూత ఉన్న లైటే కొనండి. పాత సెల్లును టేపు చుట్టి పిల్లలకు అందని చోట దాచి, తాండూరో వికారాబాదో పోయినప్పుడు సెల్లులు తీసుకునే చోట ఇవ్వండి. సీఆర్ అని రాసి ఉన్నదాన్ని చార్జి చెయ్యాలని చూడొద్దు, పగిలిపోవచ్చు. ఎర్ర చుక్క ఉన్న లైటును ఎవరి కళ్ళలోకీ కొట్టొద్దు.

ఇప్పుడు మా తాండా మారింది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక రాత్రి వంతులు పోయాయి. బాపు పగలే మోటారు వేస్తాడు. అదే ఏడాది తాండాలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి, మాదీ అయింది. స్తంభాలకు ఎల్‌ఈడీ లైట్లు వచ్చాయి. అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఫోన్లో లైటుంది. ఇంక గుత్తి లైటెందుకని కుర్రాళ్ళు అడుగుతారు. స్తంభం వెలుగు తాండా చివరి ఇంటితో ఆగిపోతుంది. కంది పూతకొచ్చినప్పుడు అడవి పందులకు కాపలా రాత్రే ఉంటుంది. ఫోను చార్జి పాటలకు, వీడియోలకు పోయాక మిగిలిందే లైటుకు. అది అయిపోతే లైటూ పోతుంది, 108కి చేసే ఫోనూ పోతుంది. పాము కరిచిన రాత్రి ఆ రెండూ కావాలి. అందుకే ఫోనును ఫోనుగానే ఉంచి, నడకకు వేరే లైటు పెట్టుకోమంటాం. లిథియం బిళ్ళ సెల్లు వాడకుండా ఉంచితే ఏడాదికి నూటికి ఒక వంతు మాత్రమే తరుగుతుంది. మేకుకు తగిలించి పెట్టినా ఏళ్ళ తర్వాత వెలుగుతుంది. చార్జింగ్ లైటు అలా కాదు, నెలకోసారైనా చార్జి పెట్టాలి.

పోయిన దవాళికి మేము ముగ్గురం ఇంటికి పోయాం. అమావాస్య రాత్రి పెళ్ళికాని ఆడపిల్లలు చేతిలో దీపం పట్టుకొని గుంపుగా తాండాలో ప్రతి గడపకూ వచ్చి, ఆ ఇంటివాళ్ళ మేలు కోరి మేరా చెబుతారు. మా గడపకూ వచ్చారు. గాలికి దీపం ఆరకుండా ఒక పిల్ల అరచెయ్యి అడ్డం పెట్టింది. వేళ్ళు ఎర్రగా మెరిశాయి. మేము ముగ్గురం ఒకరినొకరం చూసుకున్నాం.

పిల్లలు పోయాక మంచంలో కూర్చున్న బాపుకు చెప్పాం. ఆ బ్యాటరీతో రోజూ ఆడింది మేమేనని, పిల్లి సంగతి, చాప కింద సినిమా సంగతి అన్నీ. చెల్లె ఏడ్చింది. బాపు చాలాసేపు కాలి మీది మచ్చను రుద్దుకుంటూ కూర్చున్నాడు. మా ఇంటి మాట గోర్ బోలీ. ఆయన అన్నది తెలుగులో రాస్తే ఇట్లా ఉంటుంది.

"నాకు ఎరుకనే బిడ్డా. పిల్లి గోడకు ఎగురుడు నేను చూడలేదా? నాలుగు దినాల ముందుగాల్నే ఎలుగు తగ్గింది. పది రూపాయలు పెట్టి సెల్లులు ఏద్దామనుకున్న. కూలి పైసలు రానియ్యి, ఐతారం చూద్దామనుకున్న. ఐతారం రాకముందే పాము వచ్చింది."

మేము ఇన్నేళ్ళు మోసిన బరువును బాపు కూడా వేరే పక్క నుంచి మోశాడని అప్పుడు తెలిసింది. మా ముగ్గురిదీ తప్పు కాదని ఆయన అనలేదు. మేమూ అడగలేదు. పది రూపాయల సెల్లు ఐతారం దాకా ఆగాల్సి వచ్చిన ఇల్లు మాది. అర్ధరాత్రి మనిషిని గట్టు మీద నడిపించిన కరెంటు అది. ఇన్నిట్లో ఎవరి వంతు ఎంతో లెక్క కట్టే పరికరం ఏ బడిలోనూ లేదు.

మరుసటి రోజు పొద్దున గోడకు రెండు మేకులు కొట్టాం. ఒకదానికి తాళాల గుత్తి, కొత్త బిళ్ళ వేసిన లైటు. అది చేనుకు. రెండోదానికి చార్జింగ్ లైటు. అది మనవళ్ళకు, పిల్లికి. మొదటి మేకు పక్కన గోడ మీద బొగ్గుతో బిళ్ళ వేసిన తేదీ రాశాం. బాపుకు చదువు రాదు. అయినా ఆ అంకెల మీద వేలు పెట్టి, "మళ్ళా ఎప్పుడు మార్చాలె?" అని అడిగాడు.

వచ్చే దవాళికి అని చెప్పాం.